కోట కథ చెబుతున్నాం, కోట కింది పిల్లల కథ ఏది?

కృష్ణగిరి కొండకు విహారయాత్రకు వచ్చే బడిపిల్లలకు ప్రతిసారీ ఒకటే పాఠం వినిపిస్తుంది. ఇది బారామహల్ కోటల్లో పేరున్నది, హైదర్ అలీ చేతికి వచ్చింది, టిప్పు ఏలాడు, 1791 నవంబరులో ఈస్టిండియా కంపెనీ సేనాని మాక్స్‌వెల్ దాడి చేసి విఫలమయ్యాడు, 1792 శ్రీరంగపట్నం సంధితో బారామహల్ ఇంగ్లీషువాళ్ల పాలైంది. రాయకోటకు వెళ్లినా ఇదే వరస, హోసూరు కోట ఆనవాళ్ల దగ్గర నిలబడినా ఇదే వరస. రాజులు, సేనానులు, తేదీలు. ఆ గోడల కింద పేటల్లో కాపురమున్న రైతులూ నేతగాళ్లూ కుమ్మరులూ ఆ యుద్ధపు నెలల్లో ఎక్కడ తలదాచుకున్నారు, ఏం తిన్నారు, ఎవరిని పోగొట్టుకున్నారు అని ఏ పాఠమూ చెప్పదు. ఏ పరీక్షా అడగదు.

ఈ ప్రశ్నను పిల్లల దాకా తీసుకెళ్లగలిగేది చారిత్రక కథ. యుద్ధం మామూలు మనుషుల్ని ఎలా తరిమిందో, ఎలా చెరపట్టిందో పసి మనసుకు ఎక్కించాలంటే కథను మించిన సాధనం లేదు. అయితే అది పదునైన సాధనం. సరిగా వాడకపోతే తప్పుడు చరిత్రను నేర్పుతుంది. ఇంకా ప్రమాదం, పక్క బెంచీలో కూర్చున్న బిడ్డ మీద ద్వేషాన్ని నేర్పుతుంది. తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ ఒకే వీధిలో వినిపించే హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో ఈ జాగ్రత్త మరీ అవసరం.

ముందు మన నేలమీద జరిగినదాన్నే చూద్దాం. మైసూరులో కంపెనీ రెసిడెంటుగా పనిచేసిన మార్క్ విల్క్స్ 1810లో దక్షిణ భారత చరిత్ర మొదటి సంపుటం ప్రచురించాడు. దండు వస్తోందన్న కబురు అందగానే ఊళ్లు ఎలా ఖాళీ అయ్యేవో అందులో వర్ణించాడు. మోయలేని సామానును గొయ్యి తీసి పూడ్చిపెట్టేవారు. ఆరేళ్లు నిండిన ప్రతి బిడ్డా తన సత్తువకొద్దీ ధాన్యం మూట నెత్తికెత్తుకోవాల్సిందే. అంతకన్నా చిన్నవాళ్లు తల్లుల చంకలో. కొందరు గట్టి కోట ఉన్నచోటికి చేరేవారు. ఎక్కువమంది మనిషి అడుగుపెట్టని కొండల్లోకి, అడవుల్లోకి పోయేవారు. దండు కదిలి వెళ్లేదాకా అక్కడే. మూటల్లో గింజలు అయిపోయినా దండు కదలకపోతే చాలామందికి ఆకలిచావే గతి. ఈ పలాయనానికి విల్క్స్ వాడిన పేరు కూడా మన వలసే.

ఆరేళ్ల బిడ్డ అంటే ఈనాటి లెక్కలో ఒకటో తరగతి. శూలగిరి దగ్గరో వేపనపల్లి దగ్గరో ఒక ఊరు, ఆ ఊళ్లో ఆరేళ్ల పిల్ల, ఆమె నెత్తిన రెండు సేర్ల రాగుల మూట. నడవలేని అవ్వను ఏం చేశారు? పాలిచ్చే ఆవును వదిలేశారా, తోలుకుపోయారా? అడవిలో పసిబిడ్డ ఏడిస్తే దండుకు వినబడుతుందని తల్లి ఏం చేసింది? ఈ ప్రశ్నలు వేసుకున్న పిల్లలకు 1791 నాటి ఆ మూడో మైసూరు యుద్ధం ఇక మరచిపోలేని విషయం అవుతుంది.

వీటికి జవాబు ఏ రికార్డులోనూ దొరకదు. 1792 తర్వాత బారామహల్‌ను పాలించిన అలెగ్జాండర్ రీడ్, అతని సహాయకుడు థామస్ మన్రో, వాళ్ల తోటి అధికారులు ఈ సీమను గురించి ఎంతో రాసిపెట్టారు. నేలలు, పంటలు, పన్నులు, వృత్తులు, సంతలు అన్నీ బారామహల్ రికార్డుల్లో ఉన్నాయి. రైతువారీ పద్ధతి పుట్టింది ఇక్కడే. కానీ పన్ను కట్టని మనిషికి దస్త్రంలో చోటు లేదు. మూట మోసిన ఆరేళ్ల పిల్ల పేరు ఏ గుమాస్తా రాయలేదు. చరిత్రకారుడు అక్కడ ఆగిపోవాలి, అది అతని వృత్తిధర్మం. కథకుడు అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు. తెలిసినదాన్ని గట్టిగా పట్టుకుని, తెలియనిదాన్ని బాధ్యతతో ఊహించవచ్చు. చారిత్రక కథకు ఉన్న హక్కు అంతవరకే. దాని విలువా అదే.

ఈ సీమ యుద్ధాల మీద పిల్లల నవల ఇప్పటికే వచ్చింది, వంద ఏళ్లకు ముందే. జి.ఎ. హెంటీ అనే ఇంగ్లీషు రచయిత 1890ల్లో 'ది టైగర్ ఆఫ్ మైసూర్' పేరుతో మగపిల్లల కోసం ఒక నవల రాశాడు. డిక్ హాలండ్ అనే కుర్రాడు, ఓడ మునిగి మైసూరు రాజ్యంలో బందీ అయిన తన తండ్రిని వెతుక్కుంటూ ఇంగ్లండు నుంచి వస్తాడు. తల్లి తరఫు బంధువైన ఒక చిన్న రాజా అండతో, మారువేషాల్లో, మైసూరు సీమలో గూఢచారిగా తిరుగుతాడు. ఆనాటి ఇంగ్లండులో హెంటీ పుస్తకాలు బడుల్లో బహుమతులుగా పంచేవారు. తరాల తరబడి ఇంగ్లీషు పిల్లలు మన యుద్ధాన్ని నేర్చుకున్నది ఇలాంటి పుస్తకాల నుంచే.

ఆ నవలకు ఆధారమైన బాధ అబద్ధం కాదు. రెండో మైసూరు యుద్ధంలో పట్టుబడిన ఇంగ్లీషు సైనికులు, నావికులు, వాళ్లలో పసివాళ్లు కూడా, ఏళ్లపాటు శ్రీరంగపట్నంలో చెరలో ఉన్నారు. బలవంతంగా మతం మార్చబడ్డారు, సుల్తాను పటాలాల్లో చేర్చబడ్డారు. తప్పించుకు వచ్చిన జేమ్స్ స్కరీ, జేమ్స్ బ్రిస్టో తమ అనుభవాలను పుస్తకాలుగా రాశారు. హోసూరుకూ అలాంటి కథ ఒకటుంది. బందీగా చిక్కిన హామిల్టన్ అనే ఇంగ్లీషు అధికారి చేత హోసూరు కోట పనులు చేయించారనీ, 1791 జులైలో కంపెనీ గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ సైన్యం దగ్గరపడేసరికి అతణ్ణి చంపేశారనీ ఇంగ్లీషువాళ్ల రాతలు చెబుతాయి. హెంటీ నవలలో లోపం, బందీల బాధను చెప్పడం కాదు. ఆ బాధ ఒక్కటే బాధగా చూపించడం. మన కొండలు అందులో సాహసానికి రంగస్థలం, మన రైతులు దారిలో కనిపించే దృశ్యం. మూట మోసిన పిల్ల ఆ నవల కంటికి ఆనలేదు.

ఇది పాతకాలపు సామ్రాజ్యపు జబ్బు మాత్రమే అనుకోనక్కరలేదు. 2006లో జాన్ బోయిన్ రాసిన 'ది బాయ్ ఇన్ ది స్ట్రైప్డ్ పజామాస్' ప్రపంచమంతా బడుల్లో చదివించారు. నాజీ శిబిరపు అధికారి కొడుకు, కంచెకు అవతల ఉన్న తొమ్మిదేళ్ల యూదు పిల్లవాడు స్నేహితులవుతారు. మనసును కదిలించే కథే. కానీ ఆ కథ జరిగే ఆష్విట్జ్‌లో ఆ వయసు పిల్లల్లో అత్యధికులను రైలు దిగిన వెంటనే చంపేశారు. కంచె దగ్గర రోజూ కూర్చుని కబుర్లు చెప్పుకోవడం జరిగే పని కాదు. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు ఇంగ్లండులో సుమారు 8 వేలమంది విద్యార్థులను పరిశీలించి 2016లో వెలువరించిన అధ్యయనంలో, ఈ కథ పిల్లల అవగాహన మీద ఎంత బలంగా ముద్ర వేసిందో బయటపడింది. నాజీల నేరం పిల్లల మనసులో చాలావరకు హిట్లర్ అనే ఒక్క మనిషి మీదికి పోయింది. ఊళ్లకు ఊళ్లు, ఆఫీసులకు ఆఫీసులు అందులో ఎలా పాలుపంచుకున్నాయో మరుగున పడింది. 2020 జనవరిలో ఆష్విట్జ్ స్మారక మ్యూజియం, ఆ చరిత్ర చదివేవాళ్లూ బోధించేవాళ్లూ ఈ పుస్తకానికి దూరంగా ఉండాలని బహిరంగంగా చెప్పింది. ఆ కథ చివర పాఠకుడి కన్నీళ్లు ఎక్కువగా పారేది అధికారి కొడుకు కోసం. నిజంగా లక్షల్లో చనిపోయిన పిల్లలు వెనక వరసలో నిలబడిపోయారు.

ఇదే విషయం మీద మరో దారి చూపిన పుస్తకం 1989లో లోయిస్ లోరీ రాసిన 'నంబర్ ది స్టార్స్'. 1943లో డెన్మార్క్ ప్రజలు 7 వేలమందికి పైగా యూదులను పడవల్లో రహస్యంగా స్వీడన్ చేర్చిన ఉదంతం దానికి ఆధారం. పదేళ్ల పిల్ల కళ్లతో కథ నడుస్తుంది. ఈ పుస్తకంలో మనం నేర్చుకోవలసింది చివరి పుటల్లో ఉంది. కథలో ఏది నిజంగా జరిగింది, ఏది తన కల్పన అని రచయిత్రి అక్కడ విడమరచి చెప్పింది. పాఠకుడు పిల్లవాడే అయినా ఆ మాత్రం గౌరవం ఇవ్వాలని ఆమె తలచింది. ఆ గౌరవం వల్ల కథ బలం తగ్గలేదు. ఆ మరుసటి ఏడే అమెరికాలో బాలసాహిత్యానికి ఇచ్చే న్యూబెరీ పతకం ఆ పుస్తకానికి దక్కింది.

ఈ అనుభవాలను దగ్గర పెట్టుకుంటే మన ప్రాంతపు కథకు మూడు నియమాలు కనిపిస్తాయి.

మొదటిది, నలిగినవాళ్లే కథకు కేంద్రం కావాలి. కాపాడేవాడి గొప్పతనం చాటడానికో, పాఠకుడి జాలి తీర్చడానికో వాళ్లను వాడుకోకూడదు. రెండోది, నిజానికీ కల్పనకూ మధ్య హద్దు పిల్లలకు కనబడాలి. మూడోది, ఆనాటి నేరానికి ఈనాటి పొరుగువాణ్ణి ముద్దాయిని చేయకూడదు.

ఈ మూడో నియమం దగ్గరే మన సమాజం తడబడుతోంది. టిప్పు పేరెత్తగానే పెద్దలు రెండు జట్లుగా చీలిపోతారు. ఒక జట్టుకు అతను మచ్చలేని వీరుడు, మరో జట్టుకు మతోన్మాది తప్ప మరేమీ కాదు. పిల్లలకు ఈ రెండూ పనికిరావు. 1784లో మంగళూరు ప్రాంతపు కేథలిక్కులను వేలాదిగా పట్టి, ఘాట్లు ఎక్కించి, శ్రీరంగపట్నానికి నడిపించింది టిప్పు ప్రభుత్వమే. కొడగువాళ్లకూ అదే గతి పట్టింది. దాన్ని దాచడం తప్పు. 1791లో శృంగేరి మఠాన్ని దోచింది మరాఠా గుర్రపుదళం. ఆ మఠానికి ధనం పంపి పునరుద్ధరణకు తోడ్పడింది టిప్పు. దాన్ని దాచడమూ తప్పే. 1792లో సంధి షరతులు నెరవేర్చేదాకా హామీగా తన ఇద్దరు కొడుకులను అతను కారన్‌వాలిస్‌కు అప్పగించాల్సి వచ్చింది. ఒకడికి పదేళ్లు, ఇంకొకడికి ఎనిమిదేళ్లు. ఇంగ్లీషు చిత్రకారులు ఆ ఘట్టాన్ని పోటీపడి గీశారు. ఆ బొమ్మల్లో కారన్‌వాలిస్ కన్నతండ్రిలా చేతులు చాచి ఉంటాడు. ఆ పిల్లలు మద్రాసులో పరాయివాళ్ల మధ్య రెండేళ్లు గడిపి 1794లో గానీ తండ్రిని చేరలేదు. పిల్లలను తాకట్టు పెట్టించుకున్న పెద్దమనుషుల్ని ఏమనాలి అని ఏడో తరగతి పిల్లల్ని అడగండి. వాళ్ల జవాబు మన చర్చల కన్నా సూటిగా ఉంటుంది.

చెరలో మగ్గిన ఇంగ్లీషు కుర్రాడు, ఘాట్లు ఎక్కిన మంగళూరు బాలిక, తాకట్టుకు వెళ్లిన సుల్తాను కొడుకు, రాగుల మూట మోసిన మన పిల్ల. ఈ నలుగురూ ఒకే యుద్ధాల నీడలో పెరిగిన పిల్లలు. నలుగురి కథలూ పక్కపక్కన చదివిన విద్యార్థి, బాధకు మతం లేదన్న సంగతిని ఎవరూ చెప్పకుండానే తెలుసుకుంటాడు. కృష్ణగిరి కోట ఉన్న కొండను జనం సయ్యద్ బాషా కొండ అంటారు. కోట, దర్గా ఉన్న ఆ కొండ కిందే బడి. ఆ బడిలో టిప్పు పాఠం వచ్చినప్పుడు ఒక్క ముస్లిం బిడ్డ కూడా తల దించుకునే పరిస్థితి రాకూడదు. అలాగని ఒక్క నిజం కూడా దాచకూడదు. ఈ రెండూ ఒకేసారి సాధ్యమయ్యేది మంచి కథతోనే.

తరగతిలో ఇదెలా నడుస్తుంది? ఉపాధ్యాయురాలు రెండు పుటల కథ చదువుతుంది. సేరు కొలతతో నిజంగానే రాగులు కొలిచి మూటకట్టి, ఒక్కొక్కరి చేత బడి ఆవరణ చుట్టూ మోయిస్తుంది. తర్వాత నల్లబల్ల మీద మూడు గళ్లు గీస్తుంది. ఆధారం ఉన్నది, రచయిత ఊహించింది, ఎవరికీ తెలియనిది. ఆరేళ్ల పిల్లలు మూటలు మోశారన్నది మొదటి గడిలోకి పోతుంది. అవ్వ దారిలో చెప్పిన మాటలు రెండో గడిలోకి. ఆ ఊరి నుంచి వెళ్లినవాళ్లలో ఎందరు తిరిగొచ్చారన్నది మూడో గడిలోకి. హామిల్టన్ మరణం ఎక్కడ రాయాలి? అది చెప్పింది గెలిచినవాళ్లు, వాళ్లకు టిప్పును క్రూరుడిగా చూపే అవసరం ఉంది. అయినంత మాత్రాన అది అబద్ధమని కాదు. పిల్లలు వాదించుకుంటారు. ఆ వాదనే చరిత్ర అధ్యయనం. తేదీలు బట్టీపట్టిన పిల్లలకు ఇది ఎన్నటికీ అందదు.

యుద్ధం అంటే రెండు వందల ఏళ్ల నాటి సంగతే కాదు. తమిళనాడులో శ్రీలంక తమిళుల శిబిరాలున్న జిల్లాల్లో కృష్ణగిరి ఒకటి. 1981లో శ్రీలంకలో తమిళుల జాఫ్నా గ్రంథాలయాన్ని తగలబెట్టారు, సుమారు 97 వేల పుస్తకాలు, తాళపత్రాలు బూడిదయ్యాయి. 1983 జులైలో అక్కడి తమిళుల మీద జరిగిన మారణకాండ తర్వాత జనం సముద్రం దాటి వచ్చారు. ఆ కుటుంబాల మనవలు, మునిమనవలు ఇక్కడే పుట్టి, ఇక్కడి బడుల్లోనే చదువుతున్నారు. 2021లో రాష్ట్ర ప్రభుత్వం శరణార్థి శిబిరం అన్న పేరు తీసేసి పునరావాస శిబిరం అని మార్చింది. పేరు మారడం మంచిదే. పక్కింటి తెలుగు బిడ్డకు వాళ్ల కథ తెలియడం ఇంకా మంచిది. కాలిన గ్రంథాలయం కథ ఐదో తరగతి పిల్లలకు కూడా చెప్పవచ్చు. పుస్తకాలను ఎందుకు కాల్చారు అన్న ప్రశ్న నుంచి పీడన అంటే ఏమిటో వాళ్లకు మెల్లగా తెలుస్తుంది.

మన తెలుగువాళ్ల వలస కథలూ ఉన్నాయి. 1941 డిసెంబరులో జపాన్ రంగూన్ మీద బాంబులు వేసింది. ఓడరేవులో, మిల్లుల్లో పనిచేసే తెలుగు కూలీలతో సహా నాలుగు లక్షలకు పైగా భారతీయులు బర్మా వదిలి పారిపోయారు. అత్యధికులు కొండలు, అడవులు కాలినడకన దాటారు. దారిలో కలరాతో, మలేరియాతో, ఆకలితో రాలిపోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. తప్పించుకునే దారుల్లో సైతం తెల్లవాళ్లకు ఒక మర్యాద, నల్లవాళ్లకు ఇంకొకటి. ఇంతటి నడకను పిల్లలకు చెప్పే తెలుగు నవల మన బడుల్లో ఎక్కడుంది?

హైదరాబాదు సంస్థానం విషయంలో మనకు సాహిత్యం ఉంది. వట్టికోట ఆళ్వారుస్వామి, దాశరథి రంగాచార్య నవలలు నిజాం పాలనలో దొరల దౌర్జన్యాన్నీ జనం తిరుగుబాటునూ చెప్పాయి. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లిలో రజాకార్లు చేసిన హత్యాకాండ తెలంగాణలో ఇంటింటికీ తెలుసు. మరి ఆ సెప్టెంబరులో భారత సైన్యం సంస్థానం మీద జరిపిన చర్య సమయంలోనూ తర్వాతా ముస్లింల మీద జరిగిన హింస? దాన్ని విచారించిన సుందర్‌లాల్ కమిటీ, మృతులు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు జనం కంటపడలేదు. ఈ రెండు కథలనూ ఒకే పుస్తకంలో పిల్లలకు చెప్పే ధైర్యం మన సాహిత్యానికి ఇంకా రావలసి ఉంది.

పసివాళ్లకు ఇంత బరువైన విషయాలు ఎందుకన్న అభ్యంతరం సహజం. కానీ ఈనాటి పిల్లలు యుద్ధాన్ని రోజూ ఫోన్‌లో చూస్తూనే ఉన్నారు. పేర్లు లేని శవాలు, కారణాలు లేని పేలుళ్లు, కింద ద్వేషపు వ్యాఖ్యలు. వాటి పక్కన పెద్దల తోడుతో చదివే కథ ఎంతో సురక్షితం. వయసును బట్టి మెట్లు వేసుకోవాలి. మూడు నుంచి ఐదో తరగతి దాకా ఇల్లు వదలడం, దారి తప్పడం, ఆదుకున్న చెయ్యి చాలు. ఆరు నుంచి ఎనిమిది దాకా చెర, తాకట్టు, బలవంతం గురించి మాట్లాడవచ్చు. హత్యాకాండలను తొమ్మిదో తరగతి తర్వాత, ఆధారాలు పక్కన పెట్టుకుని చదివించాలి. భయపెట్టే వర్ణన ఏ మెట్టు మీదా అక్కరలేదు.

చివరిగా భాష సంగతి. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తర్వాత హోసూరు ప్రాంతపు తెలుగు పిల్లలు మాతృభాషను బడిలో నిలబెట్టుకోవడానికి కోర్టుల దాకా వెళ్లాల్సి వచ్చింది. తెలుగు చదివే పిల్లల చేతికి వచ్చే పుస్తకాల్లో తమ ఊరి పేరు కనబడటం అరుదు. కోస్తా కథలున్నాయి, తెలంగాణ కథలున్నాయి. కెలమంగలం, డెంకణికోట, బాగలూరు పేర్లు వినిపించే బాలల చారిత్రక కథ కావాలి. మొరసునాడు పలుకులో కథలు రాస్తున్న రచయితలు ఈ జిల్లాలో ఉన్నారు. సంగటి ముద్ద, చింత తోపు, చెరువు కట్ట, అవ్వ మాట వాళ్ల కలానికి తెలిసినంతగా మరొకరికి తెలియవు. బారామహల్ పిల్లల కథ రాయవలసింది వాళ్లే.

తమిళనాడు విద్యాశాఖ వాసిప్పు ఇయక్కం (పఠన ఉద్యమం) పేరుతో తమిళంలో పిల్లల చిన్న పుస్తకాలు వేస్తోంది. ఆ పని ఈ సరిహద్దు జిల్లాలో తెలుగు, కన్నడ, ఉర్దూ భాషల్లోనూ జరగాలి. ఒకే కథ నాలుగు భాషల్లో రావాలి. ప్రతి పుస్తకం చివర ఏది నిజమో ఏది కల్పనో చెప్పే రెండు పుటలు ఉండాలి. అచ్చుకు ముందు ఒక చరిత్ర అధ్యాపకుడు, వేర్వేరు మతాలకు చెందిన నలుగురైదుగురు ఉపాధ్యాయులు చదివి చూడాలి. దీనికి పెద్ద నిధులు అక్కరలేదు, పూనిక కావాలి.

రచయితలకు, ఉపాధ్యాయులకు విన్నపం ఒక్కటే. ఈ ఏడు ఒక్క కథ రాయండి, ఒక్క తరగతిలో చదివించండి. కోట ఎవరు గెలిచారో పిల్లలకు పాఠ్యపుస్తకం చెబుతుంది. ఆ గెలుపుకు మూల్యం ఎవరు చెల్లించారో చెప్పే బాధ్యత మనది.